బండి ముక్కు కింద

నేను ఒక పోటుకర్రను. ఎద్దుల్ని విప్పాక బండి ముక్కు నేలకు ఒరగకుండా కింద నిలబెట్టే కర్రను. పుట్టింది తుమ్మచెట్టులో. వడ్రంగి నా తలను పంగలా చెక్కి, కాలికి ఇనుప పొన్ను తొడిగాడు.

చాలాకాలం యలమంద బండిని మోశాను. మిరపకాయల బస్తాల కింద కూడా వంగలేదు. ఎవరూ మెచ్చుకోలేదు. విరిగినప్పుడే గదా కర్ర గుర్తొచ్చేది. ఎద్దుల్ని అమ్మేశాక ఆయన భార్య అంకమ్మ నన్ను బట్టల తీగకు ఆసరా పెట్టింది. పొట్టిదాన్ని గనక కింద ఇటుకలు పేర్చింది. బస్తాలు మోసిన తలకు తడిచీరలు ఒక లెక్కా.

తర్వాత యలమంద చక్రాలున్న ఇనుప గది ఒకటి కొన్నాడు. రోడ్డు పనివాళ్ళు ఉండి వదిలేసింది. లారీ వీపు మీద ముక్కు ఆనించి లాక్కుపోయే రకం. సంత పక్కన నిలిపి, వెనక కాపురం, ముందు బజ్జీల కొట్టు పెట్టారు. తీగతోపాటు నేనూ వచ్చాను. లారీ వెళ్ళిపోయాక గది ముందుభాగం మర తిప్పితే లేచి దిగే రెండు సన్నటి ఇనుప కాళ్ళమీద నిలిచింది. వాటికి ముందున్న ముక్కు గాల్లోనే ఉండిపోయింది.

ఎవరు మెట్టెక్కినా గది ఊగేది. బాణలిలో కాగే నూనె అంచుదాకా వచ్చి తొంగిచూసేది. యలమంద చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. చక్రాలు కదల్లేదు, గది ఊగుతూనే ఉంది. ఇంకొన్ని రాళ్ళు పెట్టాడు. మనిషి, చేసిన పని ఫలించకపోతే, అదే పని ఇంకా గట్టిగా చేస్తాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. కర్రకు నోరెక్కడిది.

ఒక సంతరోజు బియ్యం కొట్టు గురవయ్య ఎక్కాడు. బరువైన మనిషి. నూనె ఎగిరి అంకమ్మ మణికట్టుమీద పడింది. ఆమె స్టవ్ ఆపేసింది.

"వచ్చే సంతకు కూడా ఇది ఊగిందా, నేను గరిటె పట్టను. బజ్జీలు నువ్వే ఏసుకో."

యలమందకు శనగపిండి కలపడం కూడా రాదు.

మర్నాడు ఆమె చేతికి కట్టుతోనే చీర ఆరేస్తూ గది ముక్కు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"ఏందయ్యా, ఎద్దుల్ని ఇప్పి బండి ముక్కు ఉత్తినే వదిలేస్తావా ఎప్పుడన్నా?"

"ఎట్టా వదుల్తా?"

"మరిదేంది?"

ఆయన గది ముక్కును తట్టాడు. "ఇది ఇనపదిగా," అన్నాడు.

"ఇనపదైతే బరువుండదా?"

ఇద్దరూ ఇనుప కాళ్ళ మర తిప్పి ముక్కును కాస్త లేపారు. కింద బండరాయి వేసి, దానిమీద నన్ను నిలబెట్టి, మర వదులు చేశారు. బరువు నా తలమీదికి దిగింది. ప్రాణం లేచొచ్చింది. పక్కలకు ఊపు ఇంకా కొంత మిగిలితే, అటొక వాసం ఇటొక వాసం ఏటవాలుగా బిగించారు. నాకు తోడు దొరికింది.

సంతరోజు గురవయ్య వచ్చాడు.

"నిమ్మళంగా ఎక్కు గురవయ్యా," అన్నాడు యలమంద.

"నేనెక్కితే నీ కొట్టు కూలిద్దా ఏంది?"

ఎక్కాడు. అంకమ్మ నూనెనే చూస్తోంది. నూనె కదల్లేదు. ఆమె మిరపకాయను పిండిలో ముంచింది.

ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అప్పుడప్పుడు యలమంద వంగి చూసి, "గట్టిగానే పెట్టాన్లే," అంటాడు.

"నువ్వా పెట్టింది?" అని పైనుంచి వినిపిస్తుంది.

కొట్టు కట్టేశాక ఆమె బాణలి అడుగున మిగిలిన నూనెను గుడ్డకు అద్ది, తుప్పూ చెదలూ పట్టకుండా నా పాదానికి రాస్తుంది. ఆమె చేతిమీదికి దూకిన నూనే ఇప్పుడు ఆమె చేతినుంచి నా కాలికి వస్తోంది.