అంగుళం జాగా

రాత్రి నానబెట్టిన అనపగింజను వేళ్ల మధ్య పితికితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. మోహనకు చూడకుండానే వచ్చిన పని అది. కళ్లు టేపు ఎంత తిరిగిందో చూపే రికార్డరు అంకెల మీద, చెవులు హెడ్‌ఫోన్‌లో. తిరుపతిలో వాళ్ల ఇంటి ముందుగదే భర్త ధర్మేంద్ర క్యాసెట్ల అంగడి. ఎవరు ఏ పాటలడిగినా ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇస్తాడు. ప్రతి క్యాసెట్టుతో ఒక కాగితం ఇస్తాడు. శబ్దం ఎలా ఉంది, ఎక్కడ తెగింది, ఎక్కడ గరగర అని అందులో ఉంటుంది. విని రాసేది మోహన. రాసి, కింద అంగుళం జాగా వదులుతుంది. అక్కడ ధర్మేంద్ర సంతకం పెడతాడు. "ధర్మేంద్రన్నది చెవి కాదప్పా, తక్కెడ" అని యూనివర్సిటీ పిల్లలు మెచ్చుకుంటారు. ఎనిమిదేళ్లుగా ఆ మెప్పును అతను కాదనలేదు.

"వినేది గూడా ఒగ పనేనా? పాటలింటా కూసుంటే ఎవురికైనా సుకంగానే ఉంటాది" అని అత్త చంద్రకాంతమ్మ అన్న రోజు నుంచి, వినేటప్పుడు మోహన చేతుల్లో ఇంకో పని ఉండి తీరుతుంది. సిగ్గుపడాల్సింది తను కాదని తెలిసినా, ఇన్నేళ్లూ సిగ్గుపడింది తనే.

ఇవాళ్టి క్యాసెట్టు యూనివర్సిటీలో చదివే జయచంద్ర తెచ్చాడు. బెంగుళూరులో ఒక ఇంగ్లీషు బ్యాండు కచేరీ, జనంలో నిలబడి అభిమాని చేసిన రికార్డు. పోస్ట్-పంక్ అంటారట ఆ రకం సంగీతాన్ని. స్నేహితులకు పది కాపీలు కావాలన్నాడు. పొద్దున ధర్మేంద్ర రెండు నిమిషాలు విని మొహం చిట్లించాడు.

"మే, జనంలో ఎవతో అరస్తా ఉండాది సూడు. ఆ గొంతు యాడాడ వస్తాదో అంకెలు రాసియ్యి. కాపీ చేసేటప్పుడు ఆడంతా సౌండు తగ్గించేస్తా."

మోహన రాస్తూ పోయింది. బేస్ గిటారు నిండుగా ఉంది. డ్రమ్ము పొడిగా, దగ్గరగా ఉంది. పాడేవాడు పాడుతున్నట్టు లేదు, ఎవరినో నిలదీస్తున్నట్టు ఉంది. మాటలు సగం అర్థం కాకపోయినా ఆ నిలదీత ఆమెకు నచ్చింది. తనకు చేతకానిది ఎవరో చేస్తుంటే నచ్చదా మరి! నాలుగు వందల పన్నెండో అంకె దగ్గర ఆ ఆడగొంతు మళ్లీ వచ్చింది. శ్రుతి లేదు గానీ ప్రతి మాటా తెలుసు. పాట ఆగితే నవ్వుతుంది. రెండోసారి వింటుంటే, పాట అందుకునే ముందు ఆమె ఊపిరి వినిపించింది. బట్ట రాపిడి వినిపించింది. ఎనిమిదో పాట సగంలో "అయ్యో" అన్నదీ ఆమే, వెంటనే టేపు ఆగిపోయిన చప్పుడు. ఆమె ఎవరో పక్కన నిలబడిన మనిషి కాదు. రికార్డరు పట్టుకున్న మనిషి.

పితికే చెయ్యి ఆగిపోయింది.

సాయంత్రం జయచంద్ర వచ్చేసరికి మోహన అంగడి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇది రికార్డు చేసిందెవురు జయచంద్రా?"

ఆ అబ్బాయి తల గోక్కున్నాడు. "మా అక్క జాహ్నవి, వదినా. బెంగుళూర్లో ఉద్యోగం చేస్తాంది. నా స్నేహితులతో నేనే చేసినానని చెప్పినా. నీకెట్ల తెలిసింది?"

"విన్నా గదా."

"ఎవురు చేస్తే ఏంది? గోల గోలే" అన్నాడు ధర్మేంద్ర. "అంకెలు రాసినావా?"

మోహనకు కోపం వచ్చింది. తన మీద కూడా వచ్చింది. చేసిన మనిషినే తుడిచేయడానికి పొద్దుటి నుంచి అంకెలు రాసి పెట్టింది తనే. ఆ కాగితం చించేసింది. ఇంకోటి తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"ఏమ్మే, పప్పు సగంలో ఇడిసిపెట్టి యాడికి పొయినావు?" వంటింట్లోంచి చంద్రకాంతమ్మ కేకేసింది.

"పని చేస్తా ఉండా అత్తా" అంది మోహన.

బేస్ గిటారు నిండుగా ఉందనీ, ఎనిమిదో పాట సగంలో తెగిందనీ రాసింది. రికార్డు చేసిన జాహ్నవి గొంతు ఇందులో ఉంది, దాన్ని తగ్గించి కాపీ చేయరాదు అని రాసింది. దాని కింద, కాగితం అంచుదాకా పెద్ద అక్షరాలతో, "విని రాసింది మోహన" అని రాసి భర్తకిచ్చింది.

ధర్మేంద్ర అలవాటు కొద్దీ పెన్ను మూత తీశాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా సంతకం యాడ పెట్టాల?"

"మీరు విన్నదానికి పెట్టండి" అంది మోహన.