గుమ్మం దగ్గర చెప్పులు

సబ్బుల ఫ్యాక్టరీలో మూడో లైను మెకానిక్‌కు అత్తగారు ఎక్కడో లేదు, అదే లైను చివర ప్యాకింగ్ బల్ల దగ్గరే పనిచేస్తోంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మోటారు వేడి సంగతి రేపు మా కోడలు తేల్చేస్తుందని ముందురోజే బల్లంతా చాటేసింది.

వేడి మాట నిజమే. సబ్బును పెట్టెలోకి నెట్టే కడ్డీ తన చోటికి చేరాక కూడా మోటారు దాన్ని బిగబట్టి పట్టుకునే ఉండేది. ఆ సెగకు పక్కనున్న సబ్బులు మెత్తబడి వేలిముద్రలు పడేవి. అందుకని మెకానిక్ తెల్లవారకముందే వచ్చి కంట్రోలర్‌లో కొత్త సెట్టింగ్ పెట్టింది. కడ్డీ చేరిన రెండు సెకన్లకు మోటారు దానంతటదే పట్టు వదిలేస్తుంది. అడ్డంగా నడిచే కడ్డీయే కనుక జారిపడే భయం లేదు.

మోటారు చల్లబడింది. దాంతోపాటు లైనూ ఆగింది. మూత వేసే యంత్రం సగం మూత వేసి, పెట్టె ముందు కొయ్యబారి నిలబడింది.

"ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుందమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "భోజనం గంట కొట్టేలోపు నడిచిందా, సరే. లేదంటే పాత సెట్టింగే. ఈ లైను నీకు అప్పగిస్తూ రాసిన కాగితం కూడా చింపేస్తా."

ఆ కాగితం కోసం ఆమె నాలుగేళ్లు ఎదురుచూసింది. రెండు సెకన్లను పది చేస్తే లైను నడిచింది గానీ మోటారు మళ్లీ వేడెక్కింది. ఇక ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు మంచినీళ్ల సీసా పట్టుకొచ్చింది. "ఏమైందే?"

"కడ్డీ చేరగానే 'చేరాను' అని సిగ్నల్ ఇస్తుందత్తయ్యా. మూత పడేదాకా అది వెలుగుతూ ఉండాలి. మోటారు నిద్రపోగానే సిగ్నలూ ఆరిపోతోంది. ఆ మూత యంత్రమేమో కడ్డీ రానే లేదనుకుంటోంది."

"దానికా మాత్రం బుర్ర లేదూ? మీ మామయ్య ఇంటికి రావడంతోనే మంచమెక్కేస్తారు. వచ్చారా అని లేపి అడుగుతానా? గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటా."

సీసా మూత తిప్పుతున్న మెకానిక్ చెయ్యి ఆగిపోయింది. గబగబా కంట్రోలర్ పుస్తకం తిరగేసింది. ఉంది! మోటారు మేలుకుని ఉందా లేదా అని కాక, కడ్డీ ఎక్కడుందో చూసి సిగ్నల్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. అది ఎంచుకుని మీట నొక్కింది. మోటారు పడుకుంది, సిగ్నల్ వెలుగుతూనే ఉంది, మూత పూర్తిగా పడింది.

గంట కొట్టేసరికి నూటపన్నెండు పెట్టెలు వెళ్లాయి. లైను ఒక్కసారి కూడా ఆగలేదు.

సూపర్‌వైజర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఏదీ మీ కోడలు? వెళ్లిపోయిందా?"

అత్తగారు అట్టల దొంతర పక్కన విడిచిన బూట్లు చూపించింది. "అవిగో, ఇక్కడే ఉంది. లేపకండి సార్. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఆవిడ దాన్ని నలగకుండా మడిచి ఒక బూటులో పెట్టింది. ఏమైంది, ఏమైందని ప్యాకింగ్ బల్ల నుంచి అందరూ సైగలు చేశారు. ఆవిడ నోటిమీద వేలు వేసుకుని, కోడలు లేచేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.