గడ్డి పలకల గది

మామగారు బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా హారన్ మోగించీ మోగించీ అలవాటైందో ఏమో, రిటైరైన మర్నాడే బజారుకెళ్ళి పాత బాకా ఒకటి కొనుక్కొచ్చారు. పొద్దున్నే టీ తాగి ఊదడం మొదలుపెడితే తీగల మీది పిట్టలు బెదిరి ఎగిరిపోయేవి. ‘‘ఇన్నాళ్ళూ రోడ్డు మీద మోగించారు, ఇప్పుడు ఇంట్లో’’ అంటూనే అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని, మొగుడి సరదా చూసి మురిసిపోయేవారు. కోడలికీ నవ్వే వచ్చేది.

వచ్చిన చిక్కల్లా పైవాటా నర్సమ్మతోనే. ఆవిడకి రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. ఒకరోజు ఎర్రబడ్డ కళ్ళతో మెట్లు దిగి వచ్చింది.

‘‘బాబాయిగారూ, మీ బాకాకో దండం. రోగుల మంచాల పక్కన నిలబడి కునికిపాట్లు పడుతున్నాను.’’

తిట్టి ఉంటే మామగారు తగువేసుకునేవారే. దండం పెట్టేసరికి నీరుగారిపోయారు. బాకాని గుడ్డలో చుట్టి అలమరాలో పెట్టేశారు. ఆనాటి నుంచి మనిషి కూడా ముడుచుకుపోయారు. భోజనానికి పిలిస్తే ‘‘ఆకలి లేదమ్మా’’ అనేవారు. కిటికీ దగ్గర కూర్చుని వచ్చీపోయే బస్సుల్ని చూసేవారు. ఆ చూపు చూడలేక కోడలు మొహం తిప్పుకునేది.

ఆమె పనిచేసేది గడ్డితో పలకలు తయారుచేసే కార్ఖానాలో. కోతలయ్యాక రైతులు పొలాల్లో తగలబెట్టే గడ్డిని తెచ్చి, నరికి, ఆరబెట్టి, జిగురు పట్టించి వేడి ప్రెస్సులో నొక్కితే, చెక్కని తలదన్నే పలక వస్తుంది. బల్లలకీ బీరువాలకీ వాడతారు. ప్రెస్సు నడిపేది ఆమే.

ఓ మధ్యాహ్నం డబ్బా పట్టుకుని గడ్డిమోపుల వెనక్కి తినడానికి వెళ్ళింది. అంతదాకా చెవులు గళ్ళుపడేలా మోగిన నరుకుడు యంత్రం ఒక్కసారిగా ఎక్కడో దూరాన ఉన్నట్టనిపించింది. ముద్ద నోట్లోనే ఉండగా లేచి మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది.

‘‘మందంగా, కాస్త గుల్లగా ఉండే పలక చేద్దామండీ. చప్పుడు మింగేస్తుంది.’’

‘‘అంత మందమైతే లోపల ఉడకదు.’’

‘‘ఉడక్కపోతే తిట్టండి.’’

‘‘ఉడికినా తిడతాను. అది నా ఉద్యోగం’’ అన్నాడు మేస్త్రి. కానీ కాదనలేదు.

మొదటి పలకకి ప్రెస్సు తెరవగానే ఢామ్మని పేలింది. గడ్డిలో తడి మిగిలి, ఆవిరి పోయే దారిలేక పలకని చీల్చుకుని వచ్చింది. అందరూ మూలమూలలకీ దూకారు. రెండోసారి గడ్డిని గలగలలాడేలా ఆరబెట్టింది. ఈసారి పైన ఎర్రగా కాలింది, లోపల పచ్చిగా ఉండి పొడిపొడిగా రాలింది. మేస్త్రి నోరు తెరవబోయాడు.

‘‘ఒక్కసారి! ఇంకొక్కసారి, మేస్త్రిగారూ!’’

వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచింది. మరీ గట్టిగా నొక్కలేదు. తీసేటప్పుడు ఆవిరి మెల్లమెల్లగా పోయేలా ప్రెస్సుని కొంచెం కొంచెంగా ఎత్తింది. బంగారు రంగు పలక చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. వేలితో కొడితే టక్కుమనలేదు, మెత్తగా దబ్బుమంది. ఆమె చప్పట్లు కొట్టి గంతులేసింది.

అలాంటివే మరికొన్ని చేసి, గూడులా నిలబెట్టి మేస్త్రిని లోపలికి పంపారు. కోడలు బయటినుంచి ‘‘మేస్త్రిగారిది ఉత్త చాదస్తం!’’ అని అరిచింది.

మేస్త్రి తల బయటపెట్టి, ‘‘ఏదో గొణిగినట్టుంది, ఏమన్నావ్?’’ అన్నాడు.

‘‘మీరు దేవుడన్నానండీ!’’

కార్ఖానా అంతా విరగబడి నవ్వింది. ‘‘నమూనా గది మీ ఇంట్లోనే కట్టు. నీ గొప్ప నేనే బాకా ఊదుతాను’’ అన్నాడాయన.

సెలవురోజున కోడలూ, ఆమె మొగుడూ కలిసి సామాన్ల గది ఖాళీచేసి గోడలకీ, పైకప్పుకీ, తలుపుకీ పలకలు బిగించారు.

‘‘నన్ను గడ్డివాములో కూర్చోబెడతారట్రా!’’ అని మామగారు గునిసారే గానీ, అరచేత్తో గోడని నిమురుతూనే ఉన్నారు. బాకా తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. హాల్లో ఉన్న అత్తగారికి సీసాలో తుమ్మెద తిరిగినట్టు వినిపించింది. కోడలు ఒక్క ఉరుకున మెట్లెక్కి పైవాటా గుమ్మం దగ్గర చెవి రిక్కించింది. ఏమీ లేదు. అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా.

మామగారికి ఆకలి తిరిగొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైందని వంకపెట్టేసరికి అత్తగారు దిష్టి తీసినంత పని చేశారు.

కొన్నాళ్ళకి నర్సమ్మ బెరుకుగా కిందికి దిగి వచ్చింది. ‘‘అమ్మాయ్, బాబాయిగారి ఒంట్లో బావుందా? బాకా వినపడ్డమే లేదు. నేనే నోరు జారి ఆయన మనసు కష్టపెట్టానేమోనని...’’

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గది తలుపు తెరిచింది. బాకా మోత ఒక్కసారిగా ఇల్లంతా ముంచెత్తింది. నర్సమ్మ నోరెళ్ళబెట్టింది, తర్వాత పకపకా నవ్వింది.

‘‘ఇన్నాళ్ళూ ఇదిక్కడే మోగుతోందా! అయితే బాబాయిగారూ, తప్పులు బాగా తగ్గాయే!’’

మామగారి ముఖం మతాబాలా వెలిగింది. ‘‘కూర్చోమ్మా. కొత్త పాటొకటి వచ్చింది, విందువుగాని.’’

కోడలు తలుపు వేయబోయింది.

‘‘ఉండనీ అమ్మాయ్’’ అంది నర్సమ్మ, నేలమీద బాసిపట్టు వేసుకుంటూ. ‘‘నాకివాళ సెలవు. వీధివీధంతా విననీ.’’