నాలుగు సెకన్ల గీత

సెలవు పూట ఆమె దండెం మీది బట్టలు తీసి మడతపెడుతోంది. "రోజంతా పనిచేసేది కంప్యూటరేగా, నీకు అలసటేంటి?" అని కాఫీ దగ్గర భర్త అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. మడిచిన చొక్కానే విప్పి మళ్లీ మడిచింది.

ఆమె చేసేది పల్సర్ల లెక్క. గిర్రున తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక రేడియో సంకేతం పంపే తారలవి. వయసు మీరేకొద్దీ నెమ్మదిస్తాయి. టెలిస్కోపుకు చిక్కిన లక్షల సంకేతాల్లో తారేదో చెత్తేదో కళ్లు పీక్కుపోయేలా చూసి ఏరేది ఆమే. నిదానంగా తిరిగే ముసలి పల్సర్లు దాదాపు లేవని, అవి త్వరగా చల్లారిపోతాయని టీమును నడిపే ప్రొఫెసర్‌గారు పరిశోధన పేపరు రాశారు. ఈ సాయంత్రమే పత్రికకు పంపుతారు. చివరి పేజీలో, డేటా సర్దిపెట్టినందుకు ఆమెకు కృతజ్ఞతలు.

లేకపోవడమేమిటి! ఒక్క చుట్టు తిరగడానికి నాలుగు సెకన్లకన్నా ఎక్కువ పట్టేవన్నీ చెత్తబుట్టలోకి పొమ్మని ప్రోగ్రాములో గీత గీసింది తనే. అప్పుడు పాపకు మూడో నెల. "చంటిదాన్ని పెట్టుకుని ఆ చుక్కల గోలేంటమ్మా!" అని అత్తగారు గుమ్మంలో నిలబడి సణుగుతుంటే, చూడాల్సినవి సగానికి తగ్గుతాయని గీసేసింది. తీరిక దొరికాక తీసేద్దామనుకుంది. ఎనిమిదేళ్లయినా ఆ తీరిక మాత్రం ఈ ఇంట్లోకి రాలేదు. నిన్న గీత తీసి చూస్తే ఒక్క నెల డేటాలోనే పదకొండు బయటపడ్డాయి. పాపం, అవి తిరుగుతూనే ఉన్నాయి. రాత్రే ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసి చెప్పింది.

"ఇప్పుడెందుకమ్మా రచ్చ? తప్పు నీదని తెలిస్తే నీకే నామోషీ," అన్నారు ప్రొఫెసర్‌గారు.

"ఆయనే వదిలెయ్యమంటే మధ్యలో నీకెందుకు?" అన్నాడు భర్త.

తన పరువు మీద ఇద్దరికీ ఎంత బెంగో! ఒళ్లు మండింది. ఉద్యోగం ఊడుతుందేమోనని భయమూ వేసింది. చేతిలో బట్టలు మంచం మీద పడేసి ఫోన్ తీసింది.

"సార్, పేపరు ఆపండి. ఆ గీత నేనే గీశానని టీమందరికీ ఇప్పుడే మెయిల్ పెడుతున్నాను. లెక్క మొదటినుంచీ మళ్లీ చేస్తాను, ఈసారి నా పేరుతో."

ఫోన్ పెట్టేసి మెయిల్ పంపేసింది.

పక్కగదిలోంచి భర్త కేకేశాడు. "నా నీలం చొక్కా మడిచావా?"

"మంచం మీదుంది, మీరే మడుచుకోండి. నేను చూడాల్సినవి రెట్టింపయ్యాయి. ఈసారి తగ్గించుకునేది వాటిని కాదు."