జపమాల రెండో గొంతు

కోవిడ్‌కు చర్చి తలుపులు మూసిన రోజుల్లో అబూధాబీ కథీడ్రల్ తెలుగు పాటల బడి ఫోన్లలోనే మొదలైంది. ఇన్నయ్య మేస్టారు పాడి పంపితే, ఇళ్ళలో పనిచేసే గోదావరి ఆడవాళ్ళు వంటగదుల్లో నేర్చుకునేవారు. వాళ్ళలో ఒకరైన జపమాలకు రెండో గొంతు, అంటే అసలు రాగానికి జోడుగా సాగే వేరే రాగం, ఇచ్చారు.

మరుసటి ఏడు క్రిస్మస్ పూజకు గంట ముందు అందరూ మొదటిసారి కలిసి పాడారు. ఊరి చర్చిలో అందరిదీ ఒకటే రాగం. ఆ అలవాటుకొద్దీ జపమాల, పక్కన మొదటి గొంతు పాడుతున్న స్నేహితురాలు ఆరోగ్యం రాగంలోకి రెండుసార్లు జారిపోయింది.

"ఇంకోసారి జారావా, ఖలాస్! పాడకుండా ఊరికే నిలబడాలమ్మా," అన్నారు మేస్టారు.

జపమాల ఆలోచనలో పడింది. ఏడాదిన్నర కష్టం! వంటగదిలో మాత్రం ఎన్నడూ తప్పలేదే? అక్కడ మేడం టీవీ, మిక్సీ మోగుతూనే ఉండేవి; ఆ మోతను పట్టించుకోకుండా తన రాగం తను పాడుకునేది.

"ఒసే ఆరోగ్యం, ఇంకా గట్టిగా పాడు. నిన్ను మా మిక్సీ అనుకుంటాను."

"నీ మొహం! నా గొంతు మిక్సీయా?" అంటూ ఆరోగ్యం పంతంకొద్దీ గొంతెత్తింది.

పూజలో జపమాల తన దారి తప్పలేదు. రెండు గొంతులూ విడివిడిగా లేచి, పైకప్పు కింద ఒక్కటై మోగాయి. మేస్టారు తాళానికి చెయ్యి ఊపడం మరిచి వింటూ నిలబడిపోయారు. ఆఖరి చరణం వాళ్ళే నడిపించుకున్నారు.