పండగ లేని ఇళ్ళకు

సుబ్బమ్మ బూడిద గిన్నెలో వేళ్ళు అద్దుకుని, కొత్త పడుగులోంచి ఒక పోగు, పాత పడుగులోంచి ఒక పోగు తీసుకుంది. రెండింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి పురి తిప్పింది. అతుకు పడింది. దాన్ని వదిలి పక్క పోగు అందుకుంది. ధర్మవరంలో చీర అయిపోయిన ప్రతి మగ్గానికీ ఇలా ఎవరో ఒకరు కూర్చుని వేల పోగులు అతికితే తప్ప మళ్ళీ కొత్త చీర మొదలు కాదు. చీర కట్టుకున్నవాళ్ళకు నేసినవాడే గుర్తుండడు, ఇంక అతికిన మనిషి సంగతి చెప్పేదేముంది.

ఇది నిన్న మొదలుపెట్టిన పని. రేపు ఉగాది. కొత్త ఏడాది నాడు మగ్గం ఖాళీగా ఉండకూడదని మగ్గం యజమాని లక్ష్మీకాంత్ పట్టుబట్టాడు. సుబ్బమ్మ తెల్లవారగానే వచ్చి కూర్చుంది. పల్చటి మనిషి, అరవైకి దగ్గర పడింది. మెడ ఎప్పుడూ కాస్త ముందుకు వంగే ఉంటుంది, పడుకున్నా సరిగ్గా ఆనదు. ముప్ఫై ఏళ్ళుగా పట్టు పోగులు తిప్పీ తిప్పీ కుడిచేతి రెండు వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ కోసం పోయి మిషన్ మీద వేలు పెడితే అది ఆమెను గుర్తుపట్టదు. "నువ్వు సుబ్బమ్మవు కాదంట" అని డీలరు ఆట పట్టిస్తాడు. ఆమె నవ్వి, కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

మధ్యాహ్నానికి చివరి పోగు అతికింది. లేవబోతే ఎడమ చెయ్యి భుజం నుంచి మొద్దుబారినట్టు అనిపించింది. రెండు రోజులు వరసగా కూర్చుంటే తిమ్మిరి పట్టక ఏం చేస్తుందిలే అనుకుని విదిలించుకుంది. తర్వాత మగ్గం కింద రాలిన కొసల్లోంచి ఆకుపచ్చవన్నీ ఏరడం మొదలుపెట్టింది.

లక్ష్మీకాంత్ చూసి అడిగాడు. "ఈసారి ఎవురింటికి సుబ్బమ్మక్కా?"

"మా పక్కింటి వనితకు."

ఆయన చేతిలోని లెక్కల పుస్తకం పక్కన పెట్టాడు. వనిత మొగుడు జయచంద్ర ఆయన దగ్గరే పట్టు తీసుకుని ఇంట్లో నేసేవాడు. మార్గశిరంలో బండి మీద పోతూ బత్తలపల్లి కూడలిలో లారీ కింద పడ్డాడు. లక్ష్మీకాంత్ లోపలికి పోయి, పోయిన నెల చీర నేయగా మిగిలిన ఆకుపచ్చ పట్టు చిన్న కండెడు తెచ్చి ఆమె సంచిలో వేశాడు.

"ఆ పిల్ల తీసుకుంటాదా?"

"తీసుకోకపోతే నేనుండా కదప్పా, పోరు పెట్టేదానికి" అంది సుబ్బమ్మ.

మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ ఉండదు. గుమ్మానికి మామిడాకులు కట్టకూడదు. పూర్ణం ఓళిగలకు పెనం, వడలకు బాండ్లి పొయ్యి మీద పెట్టకూడదు. చుట్టాలో, ఇరుగుపొరుగో తెచ్చి ఇస్తే తినాలి. పెద్దలు బాగానే ఆలోచించి పెట్టిన పద్ధతి. దుఃఖంలో ఉన్నవాళ్ళకు పని తప్పుతుంది, తిండి అందుతుంది. కానీ తెచ్చి ఇచ్చేవాళ్ళు తెస్తేనే కదా.

సుబ్బమ్మ కూతురు అరుణ తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది, ఉగాది ఇంకా పన్నెండు రోజులుందనగా. పండగ నాడు సుబ్బమ్మ, ఆమె మొగుడు మారప్ప తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నారు. వీధంతా ఓళిగల వాసన. ఎదురింటి ఈశ్వరప్ప వాళ్ళు ఇస్తారులే అని వెనకింటి బాలప్ప వాళ్ళు అనుకున్నారు, బాలప్ప వాళ్ళు ఇచ్చే ఉంటారని కుళ్ళాయమ్మ అనుకుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరూ రాలేదు. పొద్దుగూకేటప్పుడు మారప్ప లేచి, చద్ది సంగటి రెండు ముద్దలు చేసి ఒకటి ఆమె ముందు పెట్టాడు. తర్వాత మారప్ప కూడా పోయాడు గానీ, ఆమె మనసులో ముల్లై మిగిలింది మాత్రం ఆ సంగటి ముద్దే.

ఆ మరుసటి ఏడు నుంచి వీధిలో ఏ ఇంట్లో మనిషి పోయినా, వచ్చే పండక్కి సుబ్బమ్మ తయారు. చీరల అట్టపెట్టెలను మామిడాకుల్లా కత్తిరించి, వాటి మీద ఆకుపచ్చ పట్టు కొసలు సందు లేకుండా చుట్టి, ఎర్ర పోగుతో ఈనె తీసి, ఇరవయ్యొక్క ఆకుల తోరణం కుట్టేది. కేకు చేసేది. పెళ్ళికి ముందు హిందూపురంలో ఒక బేకరీలో ట్రేలు కడిగిన రోజుల్లో, అక్కడి భట్టీ మేస్త్రీ తన ఇంట్లో ఓవెన్ లేక ఇసుకలో కేకు కాల్చడం చూసి నేర్చుకుంది. పాత సత్తు డేగిసాలో ఏటి ఇసుక, ఇసుకలో పిండి పోసిన డబ్బా, మీద మూత, కింద బొగ్గుల కుంపటి. అంతే సరంజామా.

ఇంటికి పోతూ దారిలో తోపుడుబండి దగ్గర ఆగి, తొక్క నల్లబడి ఎవరూ కొనని అరటిపళ్ళు తీసుకుంది. కేకుకు అవే బాగుంటాయి, చక్కెర కూడా తక్కువ పడుతుంది. ఎప్పుడూ డాల్డాతోనే సరిపెట్టేది. ఈసారి కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడి, వెన్న అడిగింది. గుప్పెడు జీడిపప్పు కూడా అడిగింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. వనిత కూతురు సాయిసుధకు మొన్ననే తొమ్మిదో ఏడు వచ్చింది. బహుశా అందుకేనేమో.

వీధి మొదట్లో కుళ్ళాయమ్మ అరుగు మీద కూర్చుని మామిడాకులు వరసగా పేరుస్తోంది. వీధికి పెద్ద దిక్కు ఆమె. ఏది చేయాలో, ఏది కూడదో ఆమె నోటి నుంచి రావాల్సిందే.

"మళ్ళా ఎత్తుకున్యావా సుబ్బీ? మైల ఇంటికి తోరణమేంది, కేకేంది? నీకు పట్టినట్ల ఈ వీధిలో ఇంగెవురికీ పట్టలేదు."

"మామిడాకు కట్టగూడదన్యారు. ఇది పట్టు కదత్తా. పెనం పెట్టగూడదన్యారు. ఇసుక పెట్టగూడదని ఎవురన్నా అన్యారా?"

"అనేదానికి ఆ పొద్దు ఈ కేకులు యాడుండె?"

"నేను చెప్పేదీ అదే" అంది సుబ్బమ్మ. ప్రతిసారీ వీధంతా వినే వాదనే అది. కుళ్ళాయమ్మ నవ్వాపుకోలేక ఆకులు సర్దుకుంది.

వనిత ఇంటి తలుపు మూసే ఉంది. నాలుగు నెలలుగా అంతే. లోపల మగ్గం మీద దుప్పటి కప్పి ఉంటుంది. ఆ దుప్పటి తీయమని ఎవరూ అనలేదు, తీస్తానని ఆమె అనలేదు. సుబ్బమ్మ పిలిస్తే తలుపు సగం తెరిచి నిలబడింది. ముప్ఫై దాటని మనిషి, కళ్ళ కింద చారలు. మొగుడు పోయిన రోజు నుంచి ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. వీధిలో అదొక మాటగా కూడా తిరిగింది.

"సాయంత్రం పాపను నా తావికి పంపు వనితా. కేకు చేస్తాండా. తోరణం గూడా అయిపోతాది."

"వద్దు పెద్దమ్మా."

"ఇది మామిడాకు కాదు మే..."

"ఏ ఆకైనా వద్దు. ప్రతేడూ ఆయనే ఎక్కి కట్టేవాడు. ఇప్పుడు ఇంగొకరు కడితే నేను చూడలేను." గొంతు పెంచలేదు. "మా మీద జాలిపడి ఎవురూ ఏమీ తేవద్దు. నేను ఎవురినీ అడగలా."

తలుపు మూసుకుంది. సుబ్బమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆమెకు కోపం రాలేదు. మూసిన తలుపు వెనక ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ తలుపు కూడా తన తలుపులాగే ఏళ్ళ తరబడి బిగుసుకుపోతుందేమోనని మాత్రం భయమేసింది. ఆ పిల్ల పండగంటే సంగటి ముద్దే అనుకుంటూ పెరుగుతుందేమోనని భయమేసింది.

కిటికీ ఊచల్లోంచి సాయిసుధ సన్నగా అడిగింది. "అవ్వా, ఎప్పుడయితాది?"

"వాసన మీ ఇంట్లోకి వస్తే అయినట్లే. అప్పుడు నేనే పిలుస్తా. అమ్మను నేను ఒప్పిస్తాలే."

ఇంట్లోకి వచ్చి కుంపటి రాజేసింది. ఇసుక వేడెక్కేలోపు అరటిపళ్ళు చేత్తోనే పిసికి, వెన్నా చక్కెరా నురగ వచ్చేదాకా గిలకొట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి గోడకు ఆనుకోవాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి మాట వినడం లేదు. మైదా, వంటసోడా, పుల్లటి పెరుగు కలిపింది. జీడిపప్పులు పైన ఒక్కొక్కటే గుండ్రంగా పేర్చింది. ఒకటి కూడా నోట్లో వేసుకోలేదు. డబ్బాను వేడి ఇసుకలో సగం దాకా దించి, డేగిసా మీద మూత పెట్టింది. బొగ్గులు లెక్కగా వేస్తే కేకు అయ్యేసరికి అవే ఆరిపోతాయి, మాడదు.

అప్పుడు గోడవారన చాప మీద కూర్చుని తోరణం ఒళ్ళో వేసుకుంది. వనితతో ఏం చెప్పాలో కుడుతూ మనసులో కూర్చుకుంది. నేను జాలితో తేలేదు మే, నా పాప పోయినప్పుడు నాకెవురూ తేలేదు, అందుకు తెచ్చినా, అని చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఏ ఇంట్లోనూ చెప్పలేదు. తెచ్చి ఇచ్చి వచ్చేసేది. ఇవాళ చెప్పాలి. పదిహేడో ఆకు కుట్టింది. వెన్న, అరటిపండు కలిసిన వాసన గదిలో లేచింది. ఇంకా నాలుగు ఆకులున్నాయి. కాస్త ఊపిరి తీసుకుని కుడదామని తల గోడకు ఆనించింది.

దీపాలు పెట్టే వేళకు ఆ వాసన పక్కింటికి వచ్చింది. సాయిసుధ కిటికీ దగ్గర నిలబడింది.

"అమ్మా, వాసన వచ్చె. అవ్వ పిలవలా."

వనిత చాట ముందేసుకుని బియ్యం ఏరుతూనే ఉంది. కాసేపటికి మళ్ళీ అంది. మూడోసారి ఆ పిల్ల ఏమీ అనకుండా కిటికీ ఊచలకు నుదురు ఆనించి నిలబడేసరికి వనిత విసుక్కుంటూ లేచింది. పిలుస్తానని చెప్పి పిలవకపోవడమేమిటి, ఒక ముక్క పిల్ల చేతిలో పెట్టమని అడిగి వచ్చేద్దాం అనుకుంది. నాలుగు నెలల తర్వాత తనంతట తాను ఒకరి గడప తొక్కడం అదే మొదలు.

సుబ్బమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. వనిత రెండుసార్లు పిలిచి, చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లబడిపోయి ఉంది.

వీధి వీధంతా వచ్చింది. మారప్ప తమ్ముడి కొడుకు ఆనంద్ గోరంట్లలో ఉంటాడు. ఫోన్ చేస్తే పొద్దున మొదటి బస్సుకు వస్తానన్నాడు. వీధిలో శవం ఉండగా ఎవరూ పండగ చేయరు గనక, కట్టిన మామిడాకులు విప్పేశారు. ఆనంద్ వచ్చి జరగాల్సింది జరిపించి పోతాడు. ఆ తర్వాత ఏడాది పాటు పండగ మానుకోవడానికి ఆ ఇంట్లో మనిషే మిగలలేదు.

కుళ్ళాయమ్మ కళ్ళు తుడుచుకుని కుంపటి వైపు చూసింది. "ఈ ఇంట్లో వండింది ఏదీ ఉంచగూడదు. బయట పారేయండి."

ఎవరో డేగిసా మీద చెయ్యి వేయబోతే వనిత అడ్డం వచ్చింది.

"పారేయద్దు. ఇది పొయ్యి మీద వండింది కాదవ్వా. ఇసుకలో పెట్టింది. ఇసుకలో పెట్టింది పారేయాలని ఎవురన్నా అన్యారా?"

కుళ్ళాయమ్మ వచ్చి చాప అంచున కూర్చుంది. సుబ్బమ్మ ముఖం వైపు చాలాసేపు చూసింది.

"అరుణ పోయిన ఏడు నేను గూడా ఏమీ తెచ్చియ్యలా" అంది చివరికి, ఎవరితోనో తెలియనట్టు. "బాలప్ప వాళ్ళు ఇచ్చింటారులే అనుకున్యా. ఇన్నేండ్లూ ఆయమ్మ ఒక్క మాట అనలా." తర్వాత వనితతో అంది. "తీసకపోమ్మా. పాపకు పెట్టు."

వనిత డబ్బాను కొంగుతో పట్టుకుని పైకి తీసింది. ఇంకా వేడిగానే ఉంది. సుబ్బమ్మ ఒళ్ళోని తోరణం కూడా తీసుకుని ఇంటికి పోయి, సాయిసుధకు ఒక ముక్క కోసి ఇచ్చి, తనూ కొంచెం నోట్లో వేసుకుంది. వెన్న రుచి నాలుకకు తగలగానే ఆమెకు ఏడుపు వచ్చింది. జయచంద్ర కోసం రాని ఏడుపు, సుబ్బమ్మ కోసం వచ్చిన ఏడుపు కలిసిపోయి ఎంతకీ ఆగలేదు. తల్లి ఏడుస్తుంటే ఆ పిల్ల కేకు పట్టుకుని పక్కన కూర్చుని, కాసేపటికి మళ్ళీ తినసాగింది.

తెల్లవారకముందే వనిత లేచి, మిగిలిన నాలుగు ఆకులూ కుట్టి, స్టూలు ఎక్కి తన గుమ్మానికి తోరణం కట్టింది. ఆ ఉగాదికి ఆ వీధిలో తోరణం ఉన్నది ఆ ఒక్క గుమ్మానికే. కుళ్ళాయమ్మ దాన్ని చూస్తూనే ఆ గుమ్మం ముందు నుంచి నడిచిపోయింది.

మధ్యాహ్నానికి సుబ్బమ్మను తీసుకుపోయారు. ఇల్లు కడగడానికి ఆడవాళ్ళు సామాన్లన్నీ బయట పెట్టారు. అరుగు మీద సత్తు డేగిసా ఉంది. అందులో చల్లారిన ఇసుక, ఇసుకలో డబ్బా దిగిన మేర గుండ్రటి గుంట.