దేవమణి వీపు

మిరప ఘాటు వల్ల వచ్చింది కాదు కదండీ ఇది అని మొదటిరోజు అడిగింది దేవమణి, డాక్టరుగా తను అవుననీ అనలేదు కాదనీ అనలేదు, పూతమందు రాసిచ్చి పంపేసింది, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే బస్సు అంబారుపేట దాటగానే రోడ్డు పక్క కల్లాల్లోంచి ఎండుమిరప ఘాటు కిటికీలోంచి మొహాన కొట్టింది, ముందు సీట్లో ఒకాయన తుమ్మాడు, ఆ వెంటనే కండక్టరు తుమ్మాడు, డాక్టర్ కమలాకుమారి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఫిబ్రవరి కదా, చందర్లపాడులో కోతలు జోరుగా సాగుతుంటాయి, ఈ ఏడూ వెళ్ళలేకపోయానని దేవమణి మంచంలో గునుస్తూ ఉంటుంది అనుకుంది, అనుకున్నాక గాని గుర్తు రాలేదు, దేవమణి లేదు, పోయి వారమైంది, రెండు గంటల కిందటే నందిగామ క్లినిక్‌లో ఆమె మొగుడు ఆశీర్వాదం బల్ల ముందు నిలబడి చెప్పి వెళ్ళాడు, కూర్చోమన్నా కూర్చోలేదు, తను విన్నది, తలాడించింది, ఆ తర్వాత నలుగురిని చూసింది, ఒకరికి గజ్జి, ఒకరికి మొటిమలు, మిగతా ఇద్దరికీ ఏమిటో గుర్తు లేదు, గురువారం కాబట్టి జగ్గయ్యపేట క్లినిక్‌కి ఎప్పటిలాగే పదకొండింటి బస్సెక్కింది, టికెట్ తీసుకుంది, చిల్లర లెక్క చూసుకోకుండా సంచిలో వేసుకుంది.

చర్మానికి లింఫోమా వస్తుందని ఈ బస్సులో ఎవరికీ తెలియదు, డాక్టర్లలోనే సగం మందికి తెలియదు, రక్తంలో తిరగాల్సిన తెల్లకణాలు దారితప్పి చర్మంలోకి వచ్చి కూర్చుంటాయి, క్యాన్సరే, కానీ చూస్తే తామరలా ఉంటుంది, మచ్చ తెల్లబడితే కుష్టేమో అనిపిస్తుంది, ఏళ్ళ తరబడి మనిషి తింటూ తిరుగుతూ గోక్కుంటూ ఉంటాడు, ఎనభై రెండులో గుంటూరులో పీజీ చేస్తుండగా ఒక ముసలాయన అట్లాగే వచ్చాడు, ఆరేళ్ళు కుష్టు మందులు మింగాడు, ఇంట్లోవాళ్ళు పళ్ళెం వేరు చేశారు, మంచం పశువుల కొట్టంలో వేశారు, తీరా ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే అది కుష్టే కాదు, ఆ గాజుపలక మీద ఊదారంగు చుక్కలు చర్మం అంచున బారులు తీరి ఉండగా చూసి, ఇదే నా పని అనుకుంది, ఇరవై ఆరేళ్ళ పిల్ల, జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు పుల్లయ్యగారి అమ్మాయి, నాన్నేమో కొట్లోకి వచ్చినవాళ్ళందరికీ మా అమ్మాయి తోలు డాక్టరు అని చెప్పేవాడు, గుండె డాక్టరు చదవకపోయిందా అని ఎవరన్నా అంటే గుండె ఒక్కటేనయ్యా, తోలు ఒళ్ళంతా ఉంటుంది అనేవాడు, ఆయన నమ్మినట్టు ఇంకెవరూ నమ్మలేదు, మద్రాసు సభలో ఒక ప్రొఫెసరు టీ తాగుతూ, నందిగామలో కూర్చుని రీసెర్చ్ ఏమిటండీ అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు తనచేత పదేళ్ళు పని చేయించింది, చెడిపోకుండా ఫార్మలిన్ సీసాలో చర్మపు ముక్క, సీసా చుట్టూ దూది, బెజవాడ బస్సు డ్రైవరు చేతికిస్తే అక్కడ భవానీప్రసాద్ మనిషి అందుకునేవాడు, భవానీప్రసాద్ గుంటూరులో తనతో చదివినవాడే, ముక్కలు చూసి జబ్బు పేరు చెప్పే డాక్టరు, అట్లా ఈ మెట్ట ఊళ్ళలోంచి ఇరవై ముగ్గురిని పట్టుకున్నారు ఇద్దరూ, పట్టుకున్నారు, ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట.

దేవమణి పదకొండో కేసు, తొంభై మూడు డిసెంబరులో వచ్చింది, ముప్ఫై ఏళ్ళుంటాయి, నడుం మీద, వీపు మీద అరచేయంత మచ్చలు, మందుల షాపులవాళ్ళు ఇచ్చిన ట్యూబులన్నీ ఒక గుడ్డలో మూటకట్టి తెచ్చింది, పధ్నాలుగున్నాయి, మూడుసార్లు ముక్క తీస్తే మూడుసార్లూ ఏమీ తేలలేదు, ఆ పూతల వల్లే జబ్బు దాక్కుంటోంది, నెల రోజులు ఏదీ రాయొద్దు, దురద ఓర్చుకో అంటే సరేనంది, ఓర్చుకుంది, నెల తర్వాత వచ్చినప్పుడు ఆమె వేళ్ళకు గోళ్ళే లేవు, గోక్కుంటానేమోనని కొరికేసుకుంది, నాలుగో ముక్క వెళ్ళిన వారానికి భవానీప్రసాద్ ఫోన్ చేసి, కమలా, దొరికింది అన్నాడు, దొరికింది అనగానే తనకు సంతోషం కలిగింది, నిజంగా సంతోషమే, ఆ పూట అన్నం కూడా రుచిగా ఉన్నట్టు గుర్తు, తొంభై నాలుగు ఏప్రిల్‌లో మందు మొదలుపెట్టారు, పొద్దున బిళ్ళ మింగాలి, రెండు గంటలాగి మచ్చలకు ఎండ తగలనివ్వాలి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకోవాలి, ఆశీర్వాదం ఇంటి వెనక తడికెలు కట్టి చాటు చేశాడు, నందిగామ బజారులో నల్లద్దాలు కొన్నాడు, సినిమా యాక్టరులా ఉన్నానంట అమ్మా అని ఆమె నవ్వింది, ఎండకు మచ్చలు వెనక్కి తగ్గాయి, రెండేళ్ళు, మూడేళ్ళు, ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి నీలం గుడ్డ ముందు నిలబెట్టి ఫోటో తీసేది తను, ఊపిరి బిగబట్టనా అమ్మా అని ప్రతిసారీ అడిగేది, అక్కర్లేదని ప్రతిసారీ చెప్పేది, అయినా బిగబట్టేది.

తొంభై ఎనిమిది అక్టోబరు, అక్కడికే వస్తుంది ఎటు తిరిగినా, నవాబుపేటలో ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, బస్సు కదిలింది, తను మాత్రం ఆ అక్టోబరులోనే ఉంది, వీపు మీద రెండు మచ్చలు వేలికి అట్టముక్కల్లా తగిలాయి, మందమెక్కాయి, ముక్క పంపితే భవానీప్రసాద్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు, ఇక ఎండ చాలదు, హైదరాబాదు పంపించు, రేడియేషన్, అదే కరెంటు, పెట్టించాలి అన్నాడు, తను చూద్దాం అంది, ఏప్రిల్ దాకా చూద్దాం అంది, ఎందుకని అడిగాడు, చెప్పలేదు, చెప్పకపోయినా అతనికి తెలుసు, ఏప్రిల్‌కి ఐదేళ్ళు నిండుతాయి, ఒకే వైద్యం మీద, ఒక్క ఫోటో కూడా తప్పకుండా, ఐదేళ్ళు నిండిన కేసు ఈ దేశంలో ఎవరి దగ్గరా లేదు, మద్రాసులో నవ్వినవాడి దగ్గరా లేదు, మధ్యలో కరెంటు పెట్టిస్తే ఆ లెక్క పోతుంది, చివరికి అతను, నీ పేషెంటు, నీ ఇష్టం అని ఫోన్ పెట్టేశాడు, అప్పుడు తను కారణాలు వెతుక్కుంది, కోతలొస్తున్నాయి, కూలి పోతుంది, పిల్ల చిన్నది, హైదరాబాదులో వీళ్ళకి ఎవరున్నారు, అన్నీ నిజాలే, నిజాలు కాబట్టే పనికొచ్చాయి, ఏప్రిల్‌లో పదకొండో ఫోటో తీసింది, మేలో హైదరాబాదు పంపింది, కరెంటు పెట్టాక ఏడాదిన్నర బాగుంది, రెండు వేల సంవత్సరంలో ఈ కేసు మీద పేపరు అచ్చయింది, ఆ మరుసటేడు గడ్డలు లేచాయి, గజ్జల్లోకి పాకాయి, పుండ్లయ్యాయి, వాసన, ఆ వాసన మధ్య కూర్చుని కట్లు మార్చింది తను, నెలల తరబడి, ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు, మీరొక్కరే చేత్తో పట్టుకుంటారు అని దేవమణి అంటే తల ఎత్తలేకపోయింది, ఆ ఆరు నెలలు ముందే పంపి ఉంటే బతికేదా, పుస్తకాలు చూసింది, బతకొచ్చు, బతక్కపోవచ్చు, ఎన్ని చూసినా అంతే రాసి ఉంటుంది, ఇంకో మాట రాయరు.

పొద్దున ఆశీర్వాదం చెప్పింది ఎక్కువసేపేం కాదు, పోయిన గురువారం తెల్లారేసరికి ప్రాణం పోయిందండీ అన్నాడు, బాధపడలేదండీ అన్నాడు, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు, ఇది మా పిల్లకి రాదు కదండీ అని అడిగాడు, రాదు అంది తను, ఇన్నేళ్ళలో ఆ కుటుంబానికి అనుమానం లేకుండా చెప్పగలిగిన మాట అదొక్కటే, ఇక వెళతాడనుకుంటే వెళ్ళలేదు, చేతిలో తువ్వాలు అటూ ఇటూ తిప్పుతూ, మీకు కబురు చేశామండీ, సౌభాగ్యమ్మగారు మీరు పూనా వెళ్ళారన్నారు, సౌభాగ్యమ్మ అంటే క్లినిక్‌లో నర్సు, ఆ సంగతి తనకు చెప్పనేలేదు, సాయంత్రానికి వస్తారేమోనని సగం పూట పెట్టె ఆపామండీ, పాస్టరుగారు ఎండెక్కిపోతోంది, ఇక ఆపగూడదన్నారు, అప్పుడు మట్టిలో పెట్టేశాం, అని ఆగాడు, ఎందుకు ఆపారు అని అడిగింది తను, అడక్కపోయినా బాగుండేది, అదే చెప్పిందండీ పోయే ముందు, డాక్టరమ్మకి ఆఖరి ఫోటో కావాలి, తీసుకున్నాకే పెట్టండి అని, మీకు లేకుండా పోయిందండీ, ఏమనుకోవద్దు, అన్నాడు, తనకు క్షమాపణ చెప్పాడు, ఏమనుకోవద్దని తనకే చెప్పాడు, అదే గురువారం పొద్దున పూనాలో చల్లటి హాల్లో లైట్లు ఆర్పి తెర మీద ఆ వీపు చూపిస్తోంది తను, ఐదేళ్ళు, పదకొండు ఫోటోలు, ఒక్కటీ తప్పలేదే అని మెచ్చుకున్నారెవరో, చప్పట్లు కొట్టారు, తను నమస్కారం పెట్టింది, అక్కడ చందర్లపాడులో పెట్టెకు మూత వెయ్యకుండా ఎదురుచూస్తున్నారు.

చిల్లకల్లు దగ్గర బస్సు హైవే వదిలి జగ్గయ్యపేట రోడ్డు పట్టింది, లారీల మీంచి సిమెంటు దుమ్ము, మనుషులు లేచి సంచులు సర్దుకుంటున్నారు, తనింకా లేవలేదు, ఆరు నెలల సంగతి భవానీప్రసాద్‌ను అడిగింది, పుస్తకాలను అడిగింది, నాన్న ఫోటో ముందు నిలబడి కూడా ఒకసారి అడిగింది, దేవమణిని మాత్రం అడగలేదు, ఆ అక్టోబరులో అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు, ఇంకో వైద్యం ఉందమ్మా, ఇప్పుడు వెళతావా, ఆరు నెలలాగుతావా, నాలుగు మాటలు, అర్థం కాదని కాదు, అన్నీ అర్థమయ్యేవి ఆమెకు, ఫోటోలు ఎవరికోసమో కూడా అర్థమైంది, వద్దంటుందని భయమా, అదీ కాదు, వద్దనే మనిషి కాదు, మరెందుకు, దేవమణికి ఒక అలవాటుంది, ఏది చెప్పినా విని, కాసేపాగి, మొహంలోకి చూసి, మీరైతే ఏం చేస్తారమ్మా అని అడిగేది, బిళ్ళ గురించైనా అంతే, పిల్లని హాస్టల్లో వేసే సంగతైనా అంతే, ఆ ప్రశ్న వస్తుందని తెలుసు, దానికి జవాబు ఆ అక్టోబరులోనే తెలుసు, ఫోను పెట్టేసిన క్షణమే తెలుసు, జబ్బు ఎలా నడుస్తుందో తెలియక ఆగలేదు తను, ఆ వీపు తనదై ఉంటే ఏప్రిల్ దాకా కాదు, మర్నాటి దాకా కూడా ఆగేది కాదు.